క్యాన్సరు ఆపరేషన్ – ఒంటి వెచ్చదనం

క్యాన్సరు ఆపరేషన్‌కు సిద్ధపడే రోగులు, వారి ఇంటివారు తెలుసుకోవలసిన ఒక సంగతి ఈ సంచికలో రాస్తున్నాను. ఆపరేషన్ ఎవరు చేస్తారు, ఎంత ఖర్చవుతుంది, గడ్డ మొత్తం వచ్చేస్తుందా అని అందరూ అడుగుతారు. ఆపరేషన్ జరుగుతున్నంతసేపు ఒళ్లు చల్లబడకుండా ఏం చేస్తారు అని అడిగేవారు చాలా అరుదు. కాని కుట్లు మానడం, చీము పట్టకుండా ఉండడం, త్వరగా ఇంటికి వెళ్లడం కొంతవరకు దాని మీద కూడా ఆధారపడి ఉంటాయి.

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంక గ్రామాలలో ఉండే మనకు ఎండ తెలిసినంతగా చలి తెలియదు. మే నెలలో వార్డులో రోగికి రగ్గు కప్పితే "ఇంత ఉక్కలో ఇదేమిటి సిస్టరమ్మా, వేడి చేసి కుట్లు చీము పడతాయేమో" అంటూ తల్లులు, అత్తలు తీసేస్తుంటారు. ప్రేమతో చేసే పనే. అయితే రగ్గు కప్పినందువల్ల కుట్లు చీము పట్టవు. ఆపరేషన్ సమయంలో ఒళ్లు చల్లబడితేనే ఆ ప్రమాదం పెరుగుతుంది.

మత్తు ఇస్తే ఒళ్లు ఎందుకు చల్లబడుతుంది?

మన శరీరం లోపలి వేడి సుమారు 37 డిగ్రీల సెంటీగ్రేడు, అనగా 98.6 డిగ్రీల ఫారెన్‌హీట్. బయట ఎండైనా వానైనా గుండె, మెదడు, కాలేయం దగ్గర ఈ వేడి పెద్దగా మారదు. చలి వేసినప్పుడు చేతులు, కాళ్లలోని రక్తనాళాలు ముడుచుకొని వేడిని లోపలే నిలుపుతాయి. అదీ చాలకపోతే వణుకు పుట్టి కండరాలు వేడిని తయారు చేస్తాయి.

మత్తుమందు ఈ రెండు ఏర్పాట్లను పనిచేయనివ్వదు. రక్తనాళాలు వదులై లోపలి వేడి రక్తం చేతులు, కాళ్లలోకి పోతుంది. అందువల్ల మొదటి గంటలోనే లోపలి వేడి 1 నుండి 1.5 డిగ్రీల వరకు తగ్గవచ్చు. వెన్నుకు మత్తు ఇచ్చినా నడుము కింది భాగంలో ఇలాగే జరుగుతుంది. ఆ తరువాత థియేటరులోని ఏసీ, చర్మానికి రాసే మందు నీళ్లు, తెరిచి ఉన్న పొట్ట మరికొంత వేడిని లాగేస్తాయి. వెచ్చచేయని సెలైన్ ఒక లీటరు ఎక్కిస్తే పెద్దవారి ఒంటి వేడి సుమారు పావు డిగ్రీ తగ్గుతుంది. లోపలి వేడి 36 డిగ్రీల (96.8 ఫారెన్‌హీట్) కంటే తగ్గితే ఒళ్లు చల్లబడినట్లు లెక్క.

క్యాన్సరు రోగులకు ఈ బాధ ఎక్కువ. చాలామంది అప్పటికే బరువు తగ్గి చిక్కిపోయి ఉంటారు. ఆపరేషన్ కూడా మూడు నాలుగు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. వృద్ధులైతే ఇంకా జాగ్రత్త అవసరం. దావీదు రాజు ముసలితనంలో ఎన్ని బట్టలు కప్పినా వెచ్చదనం కలగలేదని రాజులు మొదటి గ్రంథంలో చదువుతాము. దుప్పటి వేడిని పుట్టించదు, ఉన్న వేడిని కొంత ఆపుతుంది, అంతే. ఒక పొర దుప్పటి ఒంటి నుండి పోయే వేడిలో మూడో వంతు మాత్రమే ఆపగలదు. అందుకే పెద్ద ఆపరేషన్లకు బయటినుండి వేడిని అందించవలసి వస్తుంది.

చల్లబడితే ఏమవుతుంది?

కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువులు చేసే రైతులకు ఒక విషయం బాగా తెలుసు. చలికాలంలో నీళ్లు చల్లబడితే చేపలు మేత సరిగా తినవు, ఎదుగుదల మందగిస్తుంది. మన రక్తంలోని కణాలు కూడా చల్లబడితే అలాగే మందగిస్తాయి.

1. గాయం దగ్గర రక్తనాళాలు ముడుచుకుంటాయి. రక్తంతో పాటు ప్రాణవాయువు తగ్గుతుంది. క్రిములను చంపే తెల్లకణాలకు ఆ ప్రాణవాయువే బలం. అది లేకపోతే గాయంలో క్రిములు పెరుగుతాయి.

2. రక్తం గడ్డకట్టించే కణాలు సరిగా పనిచేయవు. రక్తం ఎక్కువ పోతుంది, రక్తం ఎక్కించవలసిన అవసరం పెరుగుతుంది.

3. మత్తుమందులు ఒంట్లోనుండి త్వరగా పోవు. రోగి తెలివిలోకి రావడం ఆలస్యమవుతుంది.

4. మెలకువ వచ్చాక వణుకు పుడుతుంది. వణుకుతో కుట్లు నొప్పి పెట్టడమే కాదు, ఒంటికి ప్రాణవాయువు అవసరం బాగా పెరుగుతుంది. గుండె జబ్బు ఉన్నవారికి ఇది మంచిది కాదు.

వియన్నాలో జరిగిన పరిశోధన

1996లో ఆస్ట్రియా దేశపు వియన్నా నగరం నుండి ఒక ముఖ్యమైన పరిశోధన వచ్చింది. పెద్దప్రేగు ఆపరేషన్ చేయించుకున్న 200 మందిని పరిశీలించారు. వారిలో ఎక్కువమంది క్యాన్సరు రోగులే. ఒక గుంపును వెచ్చగా ఉంచారు, వారి ఒంటి వేడి సగటున 36.6 డిగ్రీలు ఉంది. రెండవ గుంపుకు అప్పటి మామూలు పద్ధతి పాటించారు, వారి వేడి 34.7కు పడిపోయింది. వెచ్చగా ఉన్న 104 మందిలో 6గురికి గాయం చీము పట్టింది. చల్లబడిన 96 మందిలో 18 మందికి పట్టింది. చల్లబడినవారు ఆసుపత్రిలో సగటున రెండున్నర రోజులు ఎక్కువగా ఉన్నారు. ఖరీదైన మందు ఏదీ లేకుండా, వెచ్చదనంతోనే ఇంత తేడా వచ్చింది.

క్యాన్సరు రోగికి చీము పట్టడం చిన్న విషయం కాదు. గాయం మానేవరకు కీమోథెరపీ, రేడియేషన్ వాయిదా పడవచ్చు. రోజు కూలి మీద బ్రతికే కుటుంబానికి ఆసుపత్రిలో ప్రతి అదనపు రోజూ భారమే.

"ఆపరేషన్‌లో చల్లబడితే క్యాన్సరు తిరిగి వస్తుందా?" అని కొందరు భయపడతారు. వియన్నా పరిశోధనలోని రోగులను తరువాత కొన్ని సంవత్సరాలు గమనించి 2005లో ఫలితాలు ప్రకటించారు. రెండు గుంపుల మధ్య ఈ విషయంలో తేడా కనబడలేదు. కనుక ఆ భయం పెట్టుకోవద్దు.

మరీ ఎక్కువ వెచ్చచేస్తే ఎక్కువ మేలు జరుగుతుందా? 2022లో చైనాలోని ఆసుపత్రులు, అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ కలిసి 5,000 మందికి పైగా రోగుల మీద చేసిన పరిశోధన దీనికి జవాబు చెప్పింది. ఒక గుంపును 37 డిగ్రీల దగ్గర, మరొక గుంపును 35.5 దగ్గర ఉంచారు. గుండె దెబ్బతినడంలో గాని, గాయం చీము పట్టడంలో గాని చెప్పుకోదగిన తేడా రాలేదు. దీన్నిబట్టి థర్మామీటరు 37 చూపించడం లేదని కంగారు పడనవసరం లేదు. అయితే వియన్నాలో లాగా 34, 35లకు పడిపోనివ్వకూడదు.

ఆసుపత్రిలో ఏం చేస్తారు?

బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సంస్థ నైస్ 2008లో ఇచ్చి, 2016లో సవరించిన సూచనలు చాలాచోట్ల ఆదర్శంగా ఉన్నాయి. వాటి ప్రకారం అత్యవసరం కాని ఆపరేషన్ అయితే రోగి 36 డిగ్రీల వేడితో థియేటరుకు వెళ్లాలి. మత్తుకు ముందు కనీసం అరగంట వెచ్చచేయాలి. మత్తులో ఉన్నంతసేపు ప్రతి అరగంటకు వేడి కొలవాలి. పెద్ద ఆపరేషన్లకు ఒక మిషన్ నుండి గొట్టం ద్వారా పేపరులాంటి దుప్పటిలోకి వెచ్చని గాలి పంపిస్తారు. సెలైన్, రక్తం కూడా వెచ్చచేసి ఎక్కిస్తారు. విజయవాడ, విశాఖపట్నం, హైదరాబాదు ఎక్కడ ఆపరేషన్ చేయించుకున్నా, మత్తు డాక్టరుగారు ముందుగా చూడడానికి వచ్చినప్పుడు "ఒళ్లు చల్లబడకుండా ఏం చేస్తారండీ?" అని వినయంగా అడగండి. అడిగితే ఎవరూ తప్పుపట్టరు.

మీరు చేయవలసినవి

- ఆపరేషన్ ముందు గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయించి తల పూర్తిగా తుడవండి. తడి జుట్టుతో ఫ్యాను కింద కూర్చోనివ్వవద్దు.

- ఉతికిన దుప్పటి ఒకటి, మేజోళ్లు, చెవులు కప్పే టోపీ తీసుకురండి. ట్రాలీ మీద తీసుకెళ్లేటప్పుడు కప్పి ఉంచండి.

- చలిగా ఉంటే మొహమాటపడకుండా సిస్టరుకు చెప్పమని రోగికి ముందే చెప్పండి.

- ఆపరేషన్ అయి వచ్చాక ఫ్యాను సరిగ్గా రోగి మీదికి తిప్పవద్దు. మీకు ఉక్కగా ఉందని రోగి రగ్గు తీయవద్దు.

- వణుకు వస్తే వెంటనే పిలవండి.

- వేడినీళ్ల సీసా, కాచిన ఇటుక, కుంపటి దగ్గర పెట్టవద్దు. మత్తు పూర్తిగా పోని కాళ్లకు స్పర్శ తెలియదు, చర్మం కాలి బొబ్బలెక్కుతుంది.

- తరువాతి రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే అది వేరే సంగతి. అప్పుడు రగ్గులు కప్పి ఊరుకోకుండా వెంటనే తెలియజేయండి. కీమోథెరపీ తీసుకుంటున్నవారికి జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగకూడదు, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకురండి.

1859లో ఫ్లోరెన్స్ నైటింగేల్ నర్సుల పని గురించి రాసిన పుస్తకంలో, రోగి పాదాలను, కాళ్లను అప్పుడప్పుడు చేతితో తాకి చల్లబడుతున్నాయేమో చూడాలని చెప్పారు. మిషన్లు వచ్చినా ఆ పని పోలేదు. మంచం పక్కన కూర్చునే అమ్మ గాని, భార్య గాని, కొడుకు గాని అది చేయగలరు. పాదాలు చల్లగా తగిలితే మాకు చెప్పండి.

ఓడ పగిలి, వానలో తడిసి మెలితే ద్వీపం చేరిన పౌలుకు, అతని తోటివారికి ఆ ద్వీపవాసులు మొదట చేసిన ఉపకారం నిప్పు రాజబెట్టడం. వారికి పౌలు ఎవరో కూడా తెలియదు. చలిలో ఉన్నవారికి వెచ్చదనం ఇవ్వడం పెద్ద చదువు లేకుండా చేయగల పరిచర్య. మీ ఇంట్లో గాని, మీ సంఘంలో గాని ఆపరేషన్‌కు వెళ్లేవారుంటే ఈ పేజీ వారికి చదివి వినిపించండి, వారికోసం ప్రార్థించండి. దేవుడు మిమ్మును దీవించును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్