భూకంపం వస్తే నేల నీరవుతుందా?

డబ్బాలో తడి ఇసుక పోసి, పైన రాయి పెట్టి, డబ్బాను పక్కనుంచి తడుతూ ఉండండి. నీరు పైకి తేలుతుంది, రాయి దిగబడుతుంది. దీన్నే ద్రవీకరణం అంటారు. కుదుపుకు వదులు రేణువులు దగ్గరవుతుంటే మధ్యనున్న నీటికి దారి దొరకదు. ఒత్తిడి పెరిగి రేణువుల పట్టు సడలుతుంది. 1964లో జపాన్‌లోని నీగటాలో అపార్ట్‌మెంట్లు పెద్దగా పగలకుండానే పక్కకు ఒరిగాయి. 2001లో కచ్ రణ్‌లో నేలలోంచి ఇసుక, నీరు చిమ్మాయి.

మరి మన విజయవాడ? 2002 నాటి ఐ.ఎస్. 1893 పటం దీన్ని మూడో జోన్‌లో చూపింది. 1967లో ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో భూమి కంపించింది కూడా. డెల్టాలో పైన నల్లరేగడి ఉందిగదా అని ధీమా పనికిరాదు. బంకమన్ను సాధారణంగా ద్రవీకరించదు గానీ, దాని అడుగున కృష్ణ పాత పాయలు వదిలిన ఇసుక ఉండవచ్చు. కాలువలు వదిలాక భూగర్భజలం ఇంకా పైకొస్తుంది.

అందుకే బోరు వేసి చూడాలి. 63.5 కిలోల సుత్తిని 75 సెం.మీ. ఎత్తునుంచి వదులుతూ గొట్టాన్ని దించుతారు. మొదటి 15 సెం.మీ. లెక్కలోకి రాదు, తరువాతి 30 సెం.మీ.కు పట్టిన దెబ్బలే ఎస్.పి.టి. సంఖ్య. దెబ్బలు తక్కువైతే ఇసుక వదులన్నమాట. ఆ సంఖ్యను సవరించి నేల ఓర్పును లెక్కకట్టి, భూకంపం కలిగించే ఒత్తిడితో భాగిస్తారు. ఫలితం 1 కన్నా తక్కువైతే ప్రమాదమే. ఒకే వీధిలో రెండు స్థలాలకు రెండు జవాబులు రావచ్చు కనుక పక్కవాళ్ల నివేదికతో పునాది వేయకూడదు. వదులు ఇసుక తేలితే దాన్ని దట్టించడమో, గట్టి పొరదాకా పైల్స్ దించడమో చేస్తారు.