వీధికుక్కను దత్తత తీసుకోదలచిన వారికి

నన్నయ భట్టారకుని ఆదిపర్వంలో కథ మొదలైన కొద్దిసేపటికే ఒక కుక్కపిల్ల కనిపిస్తుంది. యాగభూమిలో ఆడుకుంటున్న సారమేయుణ్ణి జనమేజయుని తమ్ముళ్ళు ఏ తప్పూ లేకుండానే కొడతారు. తల్లి సరమ రాజు ఎదుటికే వచ్చి ఇది న్యాయమా అని అడుగుతుంది. ఈ ఘట్టాన్ని బడిలో చదువుకున్న తెలుగువారు ఎందరో నేడు మారతహళ్ళి, మున్నేకొళాల వీధులలో అద్దె ఇళ్ళలోను, పీజీలలోను నివసిస్తున్నారు. సారమేయుని సంతతి కూడ అదే వీధులలో నివసిస్తున్నది.

బెంగళూరు మహానగర పాలికె 2023లో జరిపిన గణనలో నగరంలోని వీధికుక్కలు సుమారు 2.79 లక్షలని తేలింది. 2019లో ఆ సంఖ్య 3.10 లక్షలు. చెవి అంచున చిన్న గాటు ఉన్న కుక్కకు సంతాన నిరోధక శస్త్రచికిత్స జరిగినదని గుర్తు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం శస్త్రచికిత్స, టీకా పూర్తయిన కుక్కను పట్టుకున్న చోటనే విడిచిపెట్టాలి.

“ఇది ఏ జాతి?” అన్నది తరచుగా వినవచ్చే ప్రశ్న. చాలా వీధికుక్కల విషయంలో దీనికి సరియైన సమాధానం లేదు. కొన్నింటిలో ఎవరో కొని విడిచిపెట్టిన లాబ్రడార్ రక్తమో, పామరేనియన్ రక్తమో కలిసి ఉంటుంది. కొల్లేటి ప్రాంతంలో బాతులను కాచిన మన జోనంగి వంటి దేశవాళీ కుక్కల వలెనే వీటికీ పొట్టి బొచ్చు, మన ఎండకు తట్టుకొనే శరీరం సాధారణం. సన్నిహిత రక్తసంబంధంలో పెంచిన జాతికుక్కలలో కనబడే కొన్ని వంశపారంపర్య వ్యాధులు మిశ్రమజాతిలో కొంత తక్కువ. అయితే ఏ రోగమూ రాదనుకోవడం పొరపాటు. పార్వో వైరస్ జాతి చూడదు.

దత్తతకు ముందు ఆలోచించవలసిన విషయం వేరొకటి ఉన్నది. అద్దె ఒప్పందం సాధారణంగా 11 నెలలు. కుక్క ఆయుష్షు 12 నుండి 15 సంవత్సరాలు. ఈ రెండు లెక్కలు పొసగనప్పుడు నష్టపోయేది కుక్కయే. ఉద్యోగం మారి యజమాని వేరే ఊరికి వెళ్ళేటప్పుడు, నాలుగవ అంతస్తులో పెరిగిన కుక్కను “మళ్ళీ వీధిలోనే బతుకుతుందిలే” అని దింపివేయడం జరుగుతున్నది. అది బతకదు. ప్రతి వీధికీ అప్పటికే ఒక కుక్కల గుంపు ఉంటుంది. అది కొత్తదానిని రానివ్వదు. ఆకలికి గురయ్యేలా జంతువును వదలివేయడం 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం. మొదటి నేరానికి జరిమానా 10 నుండి 50 రూపాయలు మాత్రమే. ఆ చట్టం నాటి రూపాయి విలువ వేరు.

కనుక ఇంటి యజమాని అనుమతిని ముందుగానే, వ్రాతపూర్వకంగా తీసుకోవాలి. అపార్టుమెంటు సంఘాలు పెంపుడు జంతువులను నిషేధించరాదని, లిఫ్టు వాడనివ్వకుండా అడ్డుపడరాదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు జారీ చేసింది. కాని యజమానితో మీరు సంతకం చేసిన షరతు వేరు సంగతి. దానిని ముందే తేల్చుకోవడం మంచిది.

1991లో క్రిస్టల్ రోజర్స్ స్థాపించిన క్యూపా వంటి నగర సంస్థల ద్వారా దత్తత తీసుకోవచ్చు. ఇల్లు చూడటానికి వస్తామని సంస్థవారు అంటే నొచ్చుకోనవసరం లేదు. వీధిలోని కుక్కనే తీసుకోదలచినవారు పురపాలక సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చునని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న చెప్పింది. అలా తీసుకున్న కుక్క తిరిగి వీధిలోకి రాకుండ చూడటం దరఖాస్తుదారుని బాధ్యత అని కూడ అదే ఉత్తర్వు పేర్కొన్నది. ఎనిమిది వారాలు నిండని పిల్లను తల్లి నుండి వేరు చేయరాదు. ఎదిగిన కుక్క అయితే దానికి రోజూ అన్నం పెట్టేవారిని అడిగితే దాని స్వభావం తెలుస్తుంది.

ఇంటికి వచ్చిన కుక్క మొదటి రోజులలో మంచం క్రింద దూరి తినకపోవచ్చు. కుక్కర్ కూతకు, మిక్సీ చప్పుడుకు బెదరుతుంది. బలవంతంగా పైకి లాగక, ఒకే వేళకు ఒకే చోట తిండి పెట్టి వేచి ఉండాలి. మారతహళ్ళి కుక్క “రా” అంటే రాకపోతే “బా” అని పిలిచి చూడండి. అది పెరిగిన భాష కన్నడం.

పెరుగన్నం, ఉడికించిన గుడ్డు, ఉప్పు కారం లేని కోడిమాంసం పెట్టవచ్చు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ కుక్కకు విషం. పులుసు కలిపిన అన్నం, కిస్‌మిస్ వేసిన పరమాన్నం ప్రేమతో కూడ పెట్టరాదు. ఉడికిన ఎముకలు చీలి పేగులకు గుచ్చుకుంటాయి.

మూడవ నెలలో రేబిస్ టీకా, అటు పిమ్మట పశువైద్యుడు చెప్పిన ప్రకారం మరల మరల వేయించాలి. ఆటలో పిల్ల కరచినా, గీరినా, పంటి గాటు చిన్నదే కదా అని ఊరుకోరాదు. గాయాన్ని సబ్బుతో, కుళాయి ధార క్రింద 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. సున్నం, పసుపు, కారం పూయడం మన పల్లెల అలవాటు. అది గాయానికి హాని చేస్తుంది.

సంక్రాంతికి ఊరికి వెళ్ళేవారు రైలు సంగతి ముందే చూసుకోవాలి. స్లీపరులోను, రెండవ, మూడవ తరగతి ఏసీ పెట్టెలలోను కుక్కను అనుమతించరు. ప్రథమ శ్రేణి ఏసీలో కూపే మొత్తం మీ పేర ఉంటే వెంట తీసుకుపోవచ్చు. లేనిచో గార్డు పెట్టెలోని కుక్కల అరలో పంపాలి. టీకా పత్రం చేతిలో ఉంచుకొని, బయలుదేరే వేళకు చాల ముందుగా పార్సిలు కార్యాలయానికి చేరుకోవాలి.