సిమ్యులేటర్ మారితే చేతులు ఎందుకు తడబడతాయి?

కంప్యూటరు ముందు స్టీరింగ్, పెడళ్లు అమర్చుకుని ఆన్‌లైన్‌లో కారు పందేలు ఆడేవారికి ఒక విచిత్రమైన అనుభవం ఎదురవుతుంటుంది. ఐరేసింగ్ అనే సిమ్యులేటర్‌లో ఏళ్ల తరబడి సాధన చేసిన ఆటగాడు అసెట్టో కోర్సా కాంపిటీజియోనె అనే మరో సిమ్యులేటర్‌కు మారాడనుకుందాం. కారు అదే తరగతిది. ట్రాక్ కూడా ఇటలీలోని అదే మోంజా. బ్రేకు ఎక్కడ నొక్కాలో, స్టీరింగ్ ఎక్కడ తిప్పాలో అతనికి కంఠతా వచ్చు. అయినా మొదటి మలుపులోనే కారు గిర్రున తిరిగి గడ్డిలోకి పోతుంది. అతని నైపుణ్యం ఏమైపోయినట్టు? ఈ ప్రశ్నకు జవాబు కొంత టైరులో, కొంత తెరలో, కొంత మెదడులో ఉంది.

ఒకే కారు, రెండు గణితాలు

సిమ్యులేటర్‌లో ఉండేది కారు కాదు, కారును వర్ణించే సమీకరణాలు. 2008లో జనానికి అందుబాటులోకి వచ్చిన ఐరేసింగ్ ఈ లెక్కలను సెకనుకు 360 సార్లు చేస్తుంది. ఇటలీకి చెందిన కునోస్ సిమ్యులజియోని సంస్థ 2019లో విడుదల చేసిన కాంపిటీజియోనె తన సొంత లెక్కలు చేసుకుంటుంది. నిజమైన ట్రాక్‌లను లేజర్‌తో కొలిచి తయారుచేస్తారు కాబట్టి రోడ్డు ఎత్తుపల్లాలు రెండింటిలోనూ దాదాపు ఒకేలా ఉంటాయి. అసలు తేడా టైరు దగ్గర వస్తుంది.

టైరు నేలను తాకే భాగం ఇంచుమించు అరచేయంత. కారు మలుపు తిరిగేటప్పుడు టైరు చూస్తున్న దిశ, అది నిజంగా కదులుతున్న దిశ ఒకటిగా ఉండవు. వాటి మధ్య కోణాన్ని జారుడు కోణం అంటారు. ఈ కోణం పెరిగేకొద్దీ పట్టు పెరుగుతుంది, కొన్ని డిగ్రీల దగ్గర శిఖరానికి చేరుతుంది, ఆ తర్వాత తగ్గుతుంది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన హాన్స్ పచేకా ఈ వక్రరేఖను ఒక సూత్రంలో ఇమిడ్చారు. అది 'మ్యాజిక్ ఫార్ములా' పేరుతో ప్రసిద్ధి చెందింది. రబ్బరు సాగే తీరు, వేడెక్కే తీరు నుంచి పట్టును లెక్కించే పద్ధతులూ ఉన్నాయి. ఐరేసింగ్ ఈ రెండో దారిలో నడుస్తుంది.

ఏ పద్ధతైనా శిఖరం వరకు ఫలితాలు దగ్గరగానే ఉండవచ్చు. శిఖరం దాటాక పట్టు మెల్లగా తగ్గుతుందా, ఒక్కసారిగా జారిపోతుందా అన్నదే చిక్కు. పందెంలో వేగంగా నడిపేవాడు ఎప్పుడూ ఆ అంచు మీదే ఉంటాడు. అందుకే నిదానంగా నడిపేవారికి కనిపించని తేడా, ఆరితేరినవారిని మొదటి మలుపులోనే పడేస్తుంది.

చేతికి అందే కబురు

నిజమైన కారులో వెనుక చక్రాలు జారితే నడుము, లోచెవి వెంటనే పసిగడతాయి. ఇంట్లో కుర్చీ కదలదు. ఆ కబురు అందించేది ప్రధానంగా స్టీరింగ్‌లోని మోటారే. మలుపులో టైరుపై పనిచేసే పక్కబలం, టైరు మధ్యబిందువుకు కొంచెం వెనుక పడుతుంది. అందువల్లే స్టీరింగ్ మళ్లీ నిటారుగా తిరగాలని చూస్తుంది. పట్టు అంచుకు చేరుతుండగా ఆ బలబిందువు ముందుకు జరుగుతుంది, స్టీరింగ్ తేలికవుతుంది. పట్టు పోకముందే వచ్చే హెచ్చరిక ఇది. ఈ తేలికదనం ఎంత ముందుగా, ఎంత స్పష్టంగా తెలుస్తుందన్నది టైరు నమూనా మీద, మోటారు అమరికల మీద ఆధారపడుతుంది. సిమ్యులేటర్ మారితే ఈ హెచ్చరిక భాష కూడా మారుతుంది.

కంటిని మోసగించే అంకె

మరో ఇబ్బంది చాలామంది గమనించనిది. తెర ఎంత కోణంలో దృశ్యాన్ని చూపాలన్నది తెర కొలత, కంటి దూరం బట్టి తేలుతుంది. దాదాపు 60 సెంటీమీటర్ల వెడల్పున్న 27 అంగుళాల తెర, కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే అడ్డంగా సరైన కోణం సుమారు 53 డిగ్రీలు. అదే తెరకు నిలువుగా లెక్కిస్తే సుమారు 31 డిగ్రీలు. ఐరేసింగ్ అడ్డ కోణాన్ని అడుగుతుంది. అసెట్టో కోర్సా కుటుంబం నిలువు కోణాన్ని అడుగుతుంది. పాత అంకె 53ను కొత్త చోట అలాగే వేస్తే, తెరపై వస్తువులన్నీ ఉండాల్సిన దానిలో దాదాపు సగం సైజుకు కుదించుకుపోతాయి. మలుపు ఇంకా దూరంగా ఉన్నట్టు కనిపిస్తుంది. బ్రేకు ఆలస్యమవుతుంది. నేరం మాత్రం టైరు మీదకు పోతుంది!

మెదడు దాచుకున్న నమూనా

సాధనతో మెదడు ట్రాక్‌ను మాత్రమే గుర్తుపెట్టుకోదు. ఇంత తిప్పితే కారు ఇలా స్పందిస్తుంది అనే అంతర్గత నమూనాను కూడా కట్టుకుంటుంది. 1994లో రెజా షాద్‌మెహర్, ఫెర్డినాండో ముస్సా-ఇవాల్డి చేసిన ప్రయోగం దీనికి చక్కటి ఉదాహరణ. మనుషులు రోబో పిడిని పట్టుకుని చేతిని ఒక గురివైపు కదపాలి. రోబో చేతిని పక్కకు నెడుతుంది. మొదట్లో చేయి వంకర పోయింది, సాధనతో నేరుగా వెళ్లింది. అప్పుడు హఠాత్తుగా ఆ నెట్టుడు ఆపేస్తే, చేయి ఈసారి ఎదురు దిశలో వంగింది. లేని బలాన్ని మెదడు ముందే ఊహించి ఎదుర్కొంది.

సిమ్యులేటర్ మారిన ఆటగాడికి జరిగేదీ ఇదే. అతను నైపుణ్యం పోగొట్టుకోలేదు, ఇక్కడ లేని టైరుకు సరిపడా స్టీరింగ్ తిప్పుతున్నాడు. ట్రాక్ జ్ఞాపకం, పందెపు వ్యూహం, చూపును ముందుకు నిలిపే అలవాటు అతనితోపాటే వస్తాయి. వేలి చివరి అంచనాలు మాత్రం మళ్లీ కట్టుకోవాలి.

పక్క కారు ఎక్కడుంది?

ఆన్‌లైన్ పందెంలో మరో మెలిక ఉంది. హైదరాబాద్‌లోని ఆటగాడు సుమారు 7,000 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫ్రాంక్‌ఫర్ట్ సర్వరులో పందెం ఆడితే, గాజు తంతువులో సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోయే కాంతికి కూడా వెళ్లి రావడానికి 70 మిల్లీసెకన్లు పడుతుంది. గంటకు 200 కిలోమీటర్ల వేగంలో 100 మిల్లీసెకన్లంటే దాదాపు 5.5 మీటర్లు, ఒక కారు పొడవు కంటే ఎక్కువ. అందుకే తెరపై కనిపించే ప్రత్యర్థి కారు అంచనా మాత్రమే. దాని చివరి స్థానం, వేగం ఆధారంగా ఇప్పుడు ఎక్కడుండవచ్చో ప్రోగ్రాం లెక్కగడుతుంది. ఈ అంచనా వేసే తీరు ఒక్కో సిమ్యులేటర్‌లో ఒక్కోలా ఉంటుంది. పాతచోట క్షేమమనిపించిన దూరం కొత్తచోట ఢీకొట్టే దూరం కావచ్చు.

మారేటప్పుడు పాటించాల్సిన క్రమం

ముందుగా దృశ్య కోణాన్ని లెక్కించి సరిచేయాలి. తర్వాత స్టీరింగ్ తిరిగే డిగ్రీలు, బ్రేకు పెడల్ ఒత్తిడి సరిచూడాలి. స్టీరింగ్ బలం ఆ తర్వాతే. ఒకసారికి ఒక్కటే మార్చాలి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. తెలిసిన ట్రాక్, తెలిసిన తరగతి కారుతో ఒంటరిగా, బ్రేకు కొంచెం ముందుగా నొక్కుతూ మొదలుపెట్టి, పట్టు అంచు ఎక్కడుందో మెల్లగా వెతకాలి. జనంతో పందెం చివరి మెట్టు.

ఆటను దాటిన పాఠం

ఇది వినోదానికే పరిమితమైన విషయం కాదు. 2001 నవంబరు 12న న్యూయార్క్‌లో ఎయిర్‌బస్ ఎ300-600 విమానం కూలి 265 మంది మరణించారు. ముందు వెళ్లిన విమానం రేపిన గాలి సుడిలో, సహ పైలట్ చుక్కాని పెడళ్లను అవసరానికి మించి అటూ ఇటూ తొక్కడంతో తోక నిలువు రెక్క విరిగిపోయిందని అమెరికా రవాణా భద్రతా మండలి తేల్చింది. శిక్షణలోని ఒక సిమ్యులేటర్ అభ్యాసం, గాలి సుడి ప్రభావాన్ని ఉన్నదానికంటే తీవ్రంగా ఊహించుకునేలా చేసి ఉండవచ్చని కూడా పేర్కొంది. ఆ అభ్యాసంలో విమానం పక్కకు ఒరిగేలా చేయడానికి నియంత్రణల ప్రభావాన్ని కొద్దిసేపు అణచి ఉంచేవారు. యంత్రం నేర్పింది ఒకటి, ఆకాశంలో విమానం స్పందించింది మరొకటి.

ఒక విమాన రకం నుంచి మరో రకానికి మారే పైలట్‌కు ప్రత్యేక శిక్షణ, అర్హత తప్పనిసరి చేయడం వెనుక ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. ఏ సిమ్యులేటరూ ప్రపంచానికి అచ్చు నకలు కాదు, ఎవరో ఎంచుకున్న సమీకరణాల కూర్పు. ఒకే సిమ్యులేటర్‌లో ఉన్నంతకాలం దాని లెక్కలే ప్రకృతి నియమాల్లా అనిపిస్తాయి. రెండోదానిలో తడబడినప్పుడే, మొదటిది కూడా ఒక నమూనాయేనని తెలిసివస్తుంది.