కార్బ్యురేటర్ నేర్చుకుంటే కొలువు దొరుకుతుందా?

రేసు కార్ల మీద ఇష్టం ఉన్న పాలిటెక్నిక్, ఐటీఐ కుర్రాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఆ ఒక్క పనినే నమ్ముకుంటే కష్టమే. నాస్కార్ కప్ సిరీస్ 2012లోనే కార్బ్యురేటర్‌ను వదిలి ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారింది. డ్రాగ్ రేసింగ్‌లో ప్రో స్టాక్ కార్లు 2016లో అదే దారి పట్టాయి. మన దగ్గర 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ఉద్గార నిబంధనలు వచ్చాక కొత్త బైకుల్లోనూ కార్బ్యురేటర్ దాదాపు కనుమరుగైంది.

అయినా నేర్చుకోమనే నా సలహా. లోపల ఏం జరుగుతోందో ఊహించి, ఒకే ఒక్క మార్పు చేసి, ఫలితం చూసి, రాసుకోవడం ఈ పనిలో అలవడినట్టు మరెక్కడా అలవడదు. జీతం తెచ్చేది ఆ అలవాటే.

అమెరికాలోని చిన్న ఊళ్ల ఓవల్ ట్రాకుల మీద వారాంతపు పందేల్లో కార్బ్యురేటర్ ఇంకా బతికే ఉంది. అక్కడ బాగా వాడే రకం హాలీ 4150, నాలుగు బ్యారెళ్లది. పాతది విప్పగానే మెకానిక్ మానిఫోల్డ్ నోటికి శుభ్రమైన గుడ్డ అడ్డం పెడతాడు. చిన్న వాషర్ లోపల పడిందంటే ఇంజిన్ విప్పుకోవాల్సిందే. కొత్త గ్యాస్కెట్ వేసి, నాలుగు నట్లనూ ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగిస్తాడు. బలం ఉంది కదా అని ఒకే మూల లాగి బిగిస్తే అడుగు భాగం వంగి, సందులోంచి గాలి లాగుతుంది. ఆ తర్వాత ఏ స్క్రూ తిప్పినా ఐడ్లింగ్ నిలవదు. పెట్రోలు ప్రెషర్ 6-7 పీఎస్‌ఐ దగ్గర ఉండాలి. మరీ ఎక్కువైతే నీడిల్ వాల్వ్ ఆపలేక ఓవర్‌ఫ్లో అవుతుంది. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడే ఒకరిని పెడల్ పూర్తిగా తొక్కమని, థ్రాటిల్ నిజంగా పూర్తిగా తెరుచుకుంటోందో లేదో కళ్లతో చూడాలి. రిటర్న్ స్ప్రింగులు రెండు పెట్టాలి, ఒకటి తెగినా రెండోది థ్రాటిల్‌ను మూస్తుంది. పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ లేకుండా స్టార్ట్ చేయకూడదు.

ట్యూనింగ్‌కు ఒక వరస ఉంది. ముందు ఫ్లోట్ లెవెల్, అంటే బౌల్‌లో పెట్రోలు ఎత్తు. తర్వాత ఐడిల్ మిక్స్చర్ స్క్రూలు: పూర్తిగా మూసి, ఒకటిన్నర చుట్లు వదులు చేసి మొదలుపెట్టి, వాక్యూమ్ గేజ్ ముల్లు గరిష్ఠంగా చూపే దాకా ఒక్కోదాన్నీ సర్దాలి. పెడల్ ఠక్కున తొక్కితే ఇంజిన్ ఒక్క క్షణం తడబడి ఆపై అందుకుంటోందంటే అనుమానం యాక్సిలరేటర్ పంపు మీద. పెట్రోలు కొలిచి వదిలే మెయిన్ జెట్ వంతు చివరిది. తొందరపడేవాళ్లు నేరుగా దాని మీదికే పోతారు.

పెట్రోలు పూర్తిగా మండడానికి ఒక పాలు ఇంధనానికి 14.7 పాళ్ల గాలి లెక్క. గరిష్ఠ శక్తి మాత్రం 12.5-13 మధ్య వస్తుంది. మిశ్రమం మరీ లీన్ అయితే, అంటే పెట్రోలు తక్కువైతే, పిస్టన్ కరిగి బొక్క పడొచ్చు. ఒకప్పుడు ప్లగ్ రంగు చూసి చెప్పేవారు. సీసం లేని పెట్రోలుతో ఆ రంగు అంత స్పష్టంగా పడదు కాబట్టి, ఇప్పుడు ఎగ్జాస్ట్‌లో వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ పెడతారు. ఓవల్ ట్రాక్‌లో ఇంకో చిక్కు. వరసగా ఎడమ మలుపులే కావడంతో ఫ్లోట్ బౌల్‌లో పెట్రోలు కుడివైపుకు ఎగబాకుతుంది. జెట్ దగ్గర ఇంధనం తగ్గితే మలుపు మధ్యలోనే ఇంజిన్ మిస్సింగ్ కొడుతుంది. షెడ్‌లో నిలబెట్టి చూస్తే ఈ లోపం కనిపించదు.

ఇక వాతావరణం. మధ్యాహ్నం ఎండలో ప్రాక్టీస్‌కు సరిపోయిన జెట్, రాత్రి పందెం వేళకు లీన్ అవుతుంది. చల్లబడిన గాలి చిక్కనై, దానికి తగ్గ పెట్రోలు అడుగుతుంది. అందుకే మంచి ట్యూనర్ ఉష్ణోగ్రత, గాలి పీడనం, జెట్ నంబర్, ల్యాప్ టైమ్ ఒకే వరసలో రాసుకుంటాడు.

ఇదంతా ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. పాత బైకు కార్బ్యురేటర్ ఒకటి కొని, విప్పి, కడిగి, బిగించి చూడండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలుతో పాత జెట్ కాస్త లీన్ అవుతుంది. ఎంత, దేని వల్ల అన్నది కొలిచి చెప్పగలిగితే అదే మంచి ప్రాజెక్టు.

చదువు సంగతికొస్తే, పదో తరగతి తర్వాత ఐటీఐలో రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ ఉంది. పాలిసెట్ రాస్తే ఆటోమొబైల్ డిప్లొమా, ఆపై ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలోకి. బీటెక్‌లో చేరాక కాలేజీ జట్టుతో, విద్యార్థులు తామే వాహనం తయారుచేసి పోటీపడే ఫార్ములా భారత్‌కో, బాహా ఎస్‌ఏఈ ఇండియాకో వెళ్లండి. మార్కుల కన్నా ఇది ముఖ్యమని నేను మొహమాటం లేకుండా చెబుతాను. ఫార్ములా భారత్ లాంటి ఫార్ములా స్టూడెంట్ పోటీల పెట్రోలు కార్లలో ఇంజిన్‌కు వెళ్లే గాలి మొత్తం 20 మిల్లీమీటర్ల రంధ్రం గుండానే రావాలన్న నియమం ఉంది. ఆ గాలికి ఎంత ఇంధనం కలపాలో తేల్చడమే అక్కడ పరీక్ష. వాహన కంపెనీల్లో ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) క్యాలిబ్రేషన్ ఇంజినీరు చేసేదీ ఇదే, స్క్రూడ్రైవర్ బదులు ల్యాప్‌టాప్‌తో. స్థిరమైన ఉద్యోగం కావాలంటే గురి అక్కడ పెట్టండి.

రేసింగ్ టీముల్లో పని సీజన్‌ను బట్టి ఉంటుంది, మొదట్లో జీతం కూడా అంతంతే. పేరున్న ట్రాకుల్లో రెండు కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వే, చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాకు కాబట్టి ఇల్లు వదిలి వెళ్లక తప్పదు. కాస్త తమిళం నేర్చుకుని వెళ్తే వర్క్‌షాపు పెద్దలు తొందరగా దగ్గరికి రానిస్తారు.