దొమ్మ రోగం జాడ తీసే కొలువు

అరకు, పాడేరు మన్యంలో ఉన్నట్టుండి చచ్చిపడిన ఆవు ముక్కు నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే, పశువైద్యులు దానికి కోత పెట్టనివ్వరు. అది దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్ కావచ్చు. చెవి దగ్గర రక్తపు చుక్క తీసి గాజుపలక మీద పూసి ల్యాబ్‌కు పంపుతారు. కళేబరం కోస్తే గాలి తగిలి ఆ బ్యాక్టీరియా సిద్ధబీజాలుగా మారుతుంది. అవి మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి. చచ్చిన పశువు మాంసం కోసిన, వండుకున్న ఇళ్లలో చేతుల మీద నల్లటి పుండ్లు లేచిన కేసులు ఈ కొండల్లో పలుమార్లు బయటపడ్డాయి.

రోగం పేరు పీసీఆర్ పరీక్ష చెప్పేస్తుంది. కానీ అది ఈ ఊరి మట్టిలోదేనా, కోరాపుట్ వైపు నుంచి సంతకు తోలుకొచ్చిన పశువుతో వచ్చిందా? అది తేల్చాలంటే జీనోమ్ సీక్వెన్సింగ్ కావాలి. అదీ చిక్కుపనే. సుమారు 52 లక్షల అక్షరాల ఈ జన్యుక్రమం ప్రపంచమంతటా దాదాపు ఒకేలా ఉంటుంది. వేళ్ల మీద లెక్కపెట్టగలిగే తేడాలే ఒక్కోసారి ఆధారం. యంత్రం చేసిన తప్పును అసలు తేడా అనుకుంటే, సంబంధం లేని ఊరి మీద అనుమానం పడుతుంది.

2015లో గినీలో ఎబోలా ప్రబలినప్పుడు శాస్త్రవేత్తలు అరచేతిలో పట్టే నానోపోర్ సీక్వెన్సింగ్ యంత్రాన్ని మామూలు విమాన సామానులో తీసుకెళ్లి 142 నమూనాల జన్యుక్రమాలను అక్కడే చదివారు. ఇప్పుడు కొరత యంత్రాలకు కాదు; నమూనా సరిగ్గా తీసేవాళ్లకు, వచ్చిన డేటాను చదివేవాళ్లకే.

మన దగ్గర ఈ రంగానికి పెద్ద చిరునామా హైదరాబాద్‌లోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ. 2021 అక్టోబరులో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 27 సంస్థలతో మొదలుపెట్టిన ‘వన్ హెల్త్’ కన్సార్షియానికి సారథ్యం వహించింది ఇదే. కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) కూడా హైదరాబాద్‌లోనే ఉంది.

ఈ కొలువుల్లోకి రావాలంటే బైపీసీ వాళ్లకు అయిదున్నరేళ్ల బీవీఎస్సీ ఒక దారి. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ డిగ్రీ చేసినవాళ్లు గ్యాట్-బీ రాసి ఎమ్మెస్సీకి, తర్వాత నెట్‌కు వెళ్లొచ్చు. జేఆర్ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలు, అద్దె భత్యం అదనం. డీఎంఎల్‌టీ చేసినవాళ్లు టెక్నీషియన్ పోస్టులు చూడాలి. కంప్యూటర్ సైన్స్, స్టాటిస్టిక్స్ వాళ్లకు బయోఇన్ఫర్మాటిక్స్ ఉంది. నన్నడిగితే ఎవరైనా లైనక్స్, పైథాన్ నేర్చుకోవాల్సిందే. వారం రోజుల సర్టిఫికెట్‌కు వేలు పోయకండి. అమెరికా ఎన్‌సీబీఐ డేటాబేస్‌లో ఆంత్రాక్స్ జన్యుక్రమాలు ఉచితంగా దొరుకుతాయి. ఓ పాతిక తీసుకుని పోల్చి, వంశవృక్షం గీసి ఇంటర్వ్యూకు పట్టుకెళ్లండి, చాలు.

ఏజెన్సీ పిల్లలకు ఇంకో బలం ఉంది. కువి, ఆదివాసీ ఒడియా వచ్చినవాళ్లకు పశువు ఎప్పుడు చచ్చింది, మాంసం ఎవరెవరు పంచుకున్నారు అన్నది ఊళ్లో దాచకుండా చెబుతారు. ఆ వివరం లేని నమూనాతో సీక్వెన్సింగ్ చేసినా సగం పనే. దీన్ని బయోడేటాలో మొహమాటపడకుండా రాయండి.

ఒక్క సంగతి. ఈ కొలువుల్లో చాలావరకు ప్రాజెక్టు ఉద్యోగాలే, పర్మనెంటు కావు. చేరేముందు నిధులు ఇంకా ఎన్నేళ్లకు మంజూరై ఉన్నాయో, మీరు చేసిన పనికి పరిశోధన పత్రంలో పేరు వేస్తారో లేదో అడిగి తెలుసుకోండి.