పాట పెట్టుకో చెల్లీ, పట్టాలు కదలవులే

ఏం చెల్లీ, బొమ్మరైలు బల్ల ముందు కూర్చుని పాట పెట్టుకోవాలన్నా మనకి బెరుకేనా? "ఇంత వయసొచ్చాక ఆ రైలేంది, పైగా ఆ పాటలేంది" అని ఎవరో ఒకరు అంటారు. మనమేమో గబుక్కున ఫోను ఆపేసి వంటింట్లోకి పోతాం. ఎందుకమ్మా? పుణెలో జోషి గారు జీవితమంతా చిన్నరైళ్లు కట్టి, 1998లో వాటికి మ్యూజియమే తెరిచారు. ఇది పెద్దవాళ్ల పనే, ఓపికున్నవాళ్ల పని. ఇక పాట సంగతంటావా, మన తిరుపతిలో పనీ పాటా ఎప్పుడు విడిపోయినాయి? 1963లో ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం రికార్డు వచ్చిన కాడ్నించి, అది వింటూనే కదా ఎన్నో ఇళ్ల ముందు కసువు ఊడ్చి ముగ్గులేస్తున్నారు!

పాట వింటే లెక్క తప్పుతుందేమోనన్న భయం మాత్రం ఉత్తది కాదు. రేణిగుంట జంక్షన్ని 1:87 స్కేలులో కడదామనుకున్నామనుకో. ఇరవై మూడున్నర మీటర్ల ఎల్‌హెచ్‌బీ రైలు పెట్టె 27 సెంటీమీటర్లవుతుంది. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు, 87తో భాగిస్తే 19 పైచిలుకు. ఆ స్కేలుకని అమ్మే పట్టాలేమో 16.5 మిల్లీమీటర్లే, సర్దుకోవాల్సిందే. పాకాల–ధర్మవరం లైను మీటరుగేజిగా ఉన్న రోజుల్ని చేద్దామంటే పదకొండున్నర. ఇవన్నీ లోపల మాటలతోనే కదా లెక్కేసుకుంటాం? అదే సమయానికి చెవిలో ఇంకొకరి మాటలు పడితే రెండూ తగువు పెట్టుకుంటాయి. అందుకని కొలిచేటప్పుడు, వైర్లు కలిపేటప్పుడు సాహిత్యం లేనిది పెట్టుకుందాం. నాదస్వరమో, వీణో. అదీ అడ్డమనిపిస్తే కాసేపు ఏదీ వద్దు. పాట ఎక్కడికీ పోదు.

సోల్డరింగ్ చేసేటప్పుడు మాత్రం నా మాట వినాల్సిందే. చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీసెయ్. ఆ ఐరన్ మొన మూడు వందల డిగ్రీలు దాటి కాలుతుంటుంది. వెనకనుంచి పిల్లలొచ్చి పిలిస్తే వినపడొద్దూ? చిన్న స్పీకరు చాలు, కిటికీ తెరిచి పెట్టుకో, పొగ పీల్చొద్దు. పాటల వరస కూడా ముందే సిద్ధం చేసుకో. ఫెవిక్విక్ సెకన్లలో పట్టేస్తుంది. ఆ జిగురు వేళ్లతో పాట మార్చబోతే ఫోనూ పాడు, చర్మమూ పాడు.

ఇక కొండలు చేసే రోజు ఉంది చూడు, అది మన రోజు! శేషాచలం కొండల్ని థర్మాకోల్‌తో చెక్కి, ఆ ఎర్రరాతి పొరల్ని ఒక్కొక్కటే కుంచెతో దిద్దుతూ కూర్చున్నప్పుడు గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారి గొంతు కంటే తోడేముంటుంది? ఆరు వందలకు పైగా అన్నమయ్య కీర్తనలకు వరసలు కట్టిన మనిషి, మన ఊళ్లోనే ఉండి, 2025 మార్చిలో వెళ్లిపోయారు. ఆ గొంతు మాత్రం మన ఇళ్లలో ఉంది. పల్లవి మళ్లీ మళ్లీ తిరిగొస్తుంటే చెయ్యి కూడా తొందర మానుకుంటుంది. తొందర మానితేనే కొండ కొండలా వస్తుంది. రాతి మీద రంగు ఒకే దెబ్బకు రాదు, ఆరనిచ్చి మళ్లీ వెయ్యాలి. ఆ ఖాళీలో ఇంకో కీర్తన వింటాం, అంతే కదా? ఒక్కటి గుర్తుంచుకో, థర్మాకోల్ మీద మామూలు స్ప్రే రంగు కొట్టొద్దు, కరిగిపోతుంది. నీళ్లలో కలిపే రంగులే వాడుకో. పట్టాల మధ్య కంకర పోసి, ఫెవికాల్‌ని నీళ్లలో పలచగా కలిపి చుక్కలు చుక్కలుగా వేశాక ఇంక ముట్టుకోకు. రాత్రంతా ఆరనీ. మనమూ నిద్రపోదాం.

ఇంట్లోవాళ్ల మాటలకు మనసు చిన్నబుచ్చుకోకమ్మా. వాళ్లకు కోపమేం ఉంటుంది, నువ్వు ఆ గదిలోనే ఉండిపోతున్నావన్న దిగులు తప్ప? రంగులేసే రోజున అత్తమ్మని పిలిచి, "ఏ పాట పెట్టమంటారు?" అని అడుగు. ఆమె ఘంటసాల అంటే ఘంటసాలే పెట్టు. కుర్చీ వేసి కూర్చోబెట్టు, చెట్లకు ఆకులు అతికించమను. వద్దంటుందా చూద్దాం!

రైలు నడిపే రోజుకు ఏ పాట అంటావా? పాటొద్దు. ఈ ఆదివారం రేణిగుంట స్టేషనుకి పోయి, బండి వచ్చే చప్పుడు, అనౌన్స్‌మెంటు, టీ అమ్మే కేకలు ఫోన్లో రికార్డు చేసుకొచ్చి, రైలు నడిపేటప్పుడు అవే పెట్టుకో. పట్టాల దగ్గరికి పోకుండా, పసుపు గీత వెనకే నిలబడు. ప్లాట్‌ఫారం టికెట్టు మర్చిపోకు.