చీమ పేరు వహించిన క్రీడాకారిణి

ఫుట్‌బాల్ పందెమును చూచువారి కన్నులు సామాన్యముగా గోలు వేసినవారి మీదనే నిలుచును. మరునాడు పత్రికలలో అచ్చగు ఛాయాచిత్రమును వారిదే. కాని ఆ బంతి గోలు ముంగిటికి ఎట్లు చేరెను? దానిని ఎదుటి జట్టునుండి మొదట చేజిక్కించుకొన్న వారెవరు? ఇట్లు ప్రశ్నించుకొన్న వారికే మైదానము నడుమ ఆడువారి విలువ తెలియును. ఆ నడిమి స్థానమున నిలిచి, తన దేశము తరఫున 26 సంవత్సరములు ఆడిన బ్రెజిల్ వనిత ఫొర్మీగా చరిత్రమును మా విద్యార్థినీ విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఈ వ్యాసమున తెలుపదలచితిమి.

నడిమి స్థానపు పని

ఫుట్‌బాల్ జట్టున 11 మంది యుందురు. గోలును కాచువారు ఒకరు. వారి ముందు రక్షకులు, ఎదుటి కొసన గోలు వేయుటకు యత్నించు ముందువరుసవారు. ఈ ఇరువురి నడుమ ఆడువారిని మిడ్‌ఫీల్డర్లందురు. వారిలోను రక్షకులకు కొంచెము ముందుగా నిలుచువారి పని మిక్కిలి కష్టమైనది. ఎదుటి జట్టు దూకుడును మొట్టమొదట అడ్డవలసినవారు వారే. బంతి దొరికిన క్షణముననే తమవారిలో ఎవరిని ఎవరును కాచుట లేదో కనిపెట్టి, అచ్చటికి దానిని పంపవలెను. ఆ బంతి మరల చేజారినచో వెనుకకు పరుగెత్తి తిరిగి అడ్డవలెను. 90 నిమిషములును ఇదే పని. చప్పట్లు తక్కువ, చెమట ఎక్కువ.

ఫొర్మీగా ఆడినది ఈ స్థానముననే. ఆమె అసలు పేరు మిరాయిల్డెస్ మసియెల్ మోతా. పోర్చుగీసు భాషలో ఫొర్మీగా యనగా చీమ. తనకొరకు కాక, పుట్టలోని చీమవలె తనవారందరి కొరకు పాటుపడు ఆటతీరును చూచి ఆమెకు ఈ పేరు పెట్టిరి. ఆ పేరే ప్రపంచమంతట నిలిచిపోయినది.

ఆటను నిషేధించిన శాసనము

ఫొర్మీగా 1978వ సంవత్సరము మార్చి 3వ తేదీన, బ్రెజిల్ ఈశాన్య భాగముననున్న బహియా రాష్ట్రపు ముఖ్యపట్టణమగు సాల్వదోర్‌లో జన్మించెను. ఆనాటికి ఆమె దేశమున స్త్రీలు ఫుట్‌బాల్ ఆడుట శాసనవిరుద్ధము. ఈ మాట విని మన విద్యార్థులు ఆశ్చర్యపడవచ్చును. పురుషుల ప్రపంచకప్పును అప్పటికే మూడు పర్యాయములు, 1958, 1962, 1970లలో, గెలిచిన దేశమది. వీధివీధిని బంతి ఎగురుచుండెడి దేశమది. ఐనను, 1941లో జెతూలియో వర్గాస్ ప్రభుత్వము ఒక శాసనము చేసి, స్త్రీల స్వభావమునకు తగని క్రీడలను వారు ఆడరాదని కట్టడి చేసెను. 1965లో ఆ దేశపు క్రీడామండలి ఆ క్రీడల పేర్లను విప్పి చెప్పుచు, ఫుట్‌బాల్‌ను వానిలో చేర్చెను. ఈ నిషేధము 1979లో తొలగినది. స్త్రీల ఆటకు తగు నియమావళి ఏర్పడుటకు 1983 వరకు ఆగవలసి వచ్చెను.

శాసనము ఒక సంతకముతో రద్దగును. కాని నాలుగు పదుల ఏండ్లు దాని నీడలో పెరిగిన తలపులు ఒక సంతకముతో రద్దగునా? ఫొర్మీగా బంతి తన్నుట నేర్చుకొను నాటికి చట్టము అడ్డు తొలగినది గాని ఇంటి అడ్డు తొలగలేదు. పసితనముననే ఆమె తండ్రి మరణించెను. తల్లి కష్టపడి బిడ్డలను పెంచెను. ఆడపిల్ల బంతి ఆడుటను తన అన్నదమ్ములే సహింపలేదని ఫొర్మీగా తరువాతి కాలమున చెప్పెను. అట్టి స్థితిలో తల్లి ఆమె పక్షమున నిలిచెను.

ఏడు ప్రపంచకప్పులు, ఏడు ఒలింపిక్ క్రీడలు

1995లో స్వీడన్‌లో జరిగిన స్త్రీల ప్రపంచకప్పు పోటీలలో ఫొర్మీగా 17 ఏండ్ల ప్రాయమున ప్రవేశించెను. మరుసటి యేడు అట్లాంటా నగరమున స్త్రీల ఫుట్‌బాల్ మొదటిసారిగా ఒలింపిక్ క్రీడలలో చేరెను. ఆ పోటీలలోను ఆమె ఆడెను. అది మొదలు 2019 వరకు జరిగిన ఏడు ప్రపంచకప్పులలోను, 2021లో టోక్యోలో ముగిసిన వానివరకు ఏడు ఒలింపిక్ క్రీడలలోను ఆమె తప్పక పాల్గొనెను. అట్లాంటా మొదలు టోక్యో వరకు స్త్రీల ఒలింపిక్ ఫుట్‌బాల్ పోటీలన్నింటిలోను ఆడిన క్రీడాకారిణి ఆమె యొక్కతెయే. 2015లో కెనడాలో దక్షిణ కొరియా జట్టుపై గోలు వేయునాటికి ఆమె వయస్సు 37. 2019లో ఫ్రాన్సులో ఆడునాటికి 41. ఆమె మొదటి ప్రపంచకప్పు నాటికి పుట్టని బాలికలు ఆనాడు ఆమె ప్రక్కన నిలిచి ఆడిరి.

ఇంతటి దీర్ఘకాలమున ఆమె బ్రతుకుతెరువు స్థిరముగా నుండెనని తలపరాదు. స్వదేశమున స్త్రీల జట్లకు ఆదరణ తక్కువ. అందుచేత ఆమె స్వీడన్‌లోని మాల్మో నగరమునకు, అటుపిమ్మట అమెరికాకు పోయి ఆడవలసి వచ్చెను. అమెరికాలో 2009లో ఆమె ఆడిన గోల్డ్ ప్రైడ్ జట్టు మరుసటి యేడే మూతపడెను. మరల స్వదేశమునకు వచ్చి, సావో జోసే జట్టులో చేరి, దక్షిణ అమెరికా ఖండపు జట్ల పోటీయగు లిబెర్తదోరెస్ కప్పును 2011, 2013, 2014 సంవత్సరములలో గెలుచుటకు తోడ్పడెను. సామాన్యముగా ఆటగాండ్రు విశ్రాంతి గోరు 38 ఏండ్ల ప్రాయమున, 2017లో, పారిస్ నగరపు ప్రసిద్ధ జట్టున చేరెను. ఆమె అచ్చట ఆడిన కడపటి కాలమగు 2020–21లో ఆ జట్టు ఫ్రాన్సు స్త్రీల లీగును మొదటిసారిగా గెలిచెను. అంతకుముందు 14 పర్యాయములు వరుసగా ఆ బిరుదు లియోన్ జట్టుదే.

దక్కని బంగారము

పాన్ అమెరికన్ క్రీడలలో ఆమె జట్టు 2003, 2007, 2015లలో స్వర్ణపతకము గైకొన్నది. ప్రపంచకప్పు మాత్రము దక్కలేదు. 2007లో తుది పందెమున జర్మనీ 2–0 గోళ్లతో గెలిచెను. 2004లో ఏథెన్స్‌లోను, 2008లో బీజింగ్‌లోను ఒలింపిక్ తుది పందెములందు అమెరికా చేతిలో ఓడి రజతపతకములతో మరలవలసి వచ్చెను. ఈ రెండు పందెములును నిర్ణీత కాలమున తేలక, అదనపు కాలమున పోయినవి. 2016లో రియో ఒలింపిక్ క్రీడలు ముగిసిన పిదప ఆమె జాతీయ జట్టునుండి విరమించెను. జట్టుకు అవసరము కలుగగా, శిక్షకుడు పిలువగా, 2018లో తిరిగి వచ్చెను.

కడపటి పందెము మన దేశముతోనే

2021 నవంబరు 25వ తేదీన అమెజాన్ అడవుల నడుమనున్న మనౌస్ నగరమున ఫొర్మీగా జాతీయ జట్టు తరఫున కడసారి ఆడెను. ఎదుటి జట్టు మన భారతదేశపు స్త్రీల జట్టు. మొదటి నిమిషముననే బ్రెజిల్ గోలు వేసెను. ఎనిమిదవ నిమిషమున పంజాబు బాలిక మనీషా కల్యాణ్ గోలు వేసి సమము చేసెను. తుదకు బ్రెజిల్ 6–1తో గెలిచినది. రెండవ భాగమున మైదానమునకు వచ్చిన ఫొర్మీగాకు ఆ పందెమున గోలు రాలేదు. ఐనను ఆనాటి సన్మానమంతయు ఆమెదే. 2027 స్త్రీల ప్రపంచకప్పును నిర్వహించు గౌరవము 2024 మే నెలలో బ్రెజిల్‌కే లభించినది. ఒకనాడు నిషేధించిన ఆటకు అదే దేశము ఆతిథ్యము గోరినది.

తలిదండ్రులకు ఒక మాట

మన ప్రాంతములలో బాలికలు ఏడవ, ఎనిమిదవ తరగతులకు రాగానే ఆటస్థలమునుండి ఒక్కరొక్కరే తొలగిపోవుట మేము ఏటేట చూచుచున్నాము. దీనికై ఏ ప్రభుత్వమును శాసనము చేయలేదు. నలుగురేమందురో యను శంక యొక్కటియే శాసనమంత పని చేయుచున్నది. ప్రతి బాలికయు ఫొర్మీగా కానక్కరలేదు. సాయంకాలము ఒక గంట పరుగెత్తిన శరీరము దృఢమగును. పదిమందితో కలిసి ఆడుటవలన ఓర్పును, సహకారమును అలవడును. ఈ లాభములు బాలురకు మాత్రమే కావలెనని ఎవరనగలరు? చట్టమును ఎత్తివేయుట ప్రభుత్వము పని. ఇంటి కట్టడిని సడలించుట మన పని. సాల్వదోర్‌లో ఆనాడు ఒక తల్లి చేసినది ఇంతే.

ప్రశ్నలు

1. నడిమి స్థానమున ఆడువారి విధులేవి?
2. ఫొర్మీగాకు ఆ పేరు ఎట్లు కలిగెను?
3. బ్రెజిల్‌లో 1941, 1965, 1979 సంవత్సరములలో జరిగిన మార్పులను వరుసగా వ్రాయుడు.
4. శాసనము తొలగినను అడ్డంకి తొలగదనుటకు ఈ వ్యాసమునుండి ఒక నిదర్శనమును, మీ ఊరినుండి ఒక నిదర్శనమును చూపుడు.